మోటారు సైకిలుపై అరకు యాత్ర

విశాఖపట్టణమునకు ఈశాన్యముగా సముద్రతీరమున భీమునిపట్టణము కలదు. జనులు వాడుకలో దానిని భీమిలి యందురు. 17వ శతాబ్దమున డచ్చివారు ఇచ్చట వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. వారి సమాధులను నేటికిని చూడవచ్చును. 1861వ సంవత్సరముననే ఇచ్చట పురపాలక సంఘము వెలసినది. ఈ పట్టణము చెంతనే గోస్తనీనది సముద్రమున గలియుచున్నది. ఆ నది పుట్టినచోటు ఇచ్చటికి దూరముగా, అనంతగిరి కొండలలో, బొఱ్ఱా గుహలయొద్ద నున్నది. నది దిగివచ్చిన వైపునకు ఎదురేగి, సముద్రమట్టమునుండి కొండ శిఖరముల వఱకు ఒక్క దినములో పోవచ్చును. గత కార్తికమాసమున మేము అక్కచెల్లెండ్ర మిరువురము అట్లు మోటారు సైకిలుపై అరకునకు పోయితిమి. ఆ దారిలో మేము చూచిన ప్రదేశములను గూర్చియు, మా వాహనమునకు వచ్చిన యొక విచిత్రమైన జబ్బును గూర్చియు సోదరీమణులకు తెలుపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను. నేడు మోటారు సైకిళ్లు పెక్కు యిండ్లలో నున్నవి గావున ఈ రెండవ విషయము మొదటిదానికంటె తక్కువ ఉపయోగకరమైనది కాదు.

మా చెల్లెలు అరకు ప్రాంతమున ఆరోగ్యశాఖలో నర్సుగా పనిచేయుచున్నది. కొండపల్లెలకు పోయి గర్భిణీ స్త్రీలను చూచుట, పసిబిడ్డలకు టీకాలు వేయుట ఆమె పని. టీకామందులు 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో నుండవలెను. మంచుగడ్డల పెట్టెలో వానిని పెట్టుకొని, మంచు కరుగకముందే పల్లెకు చేరి పని ముగించుకొనవలెను. బస్సులు పోని పల్లెలే అచ్చట పెక్కు. ఇన్నాళ్లు ఆమె జీపుల కొఱకు కాచుకొని, తక్కిన దారి నడచి పోవుచుండెను. మా అన్నగారికి చెన్నపట్టణమున ఉద్యోగమైనందున ఆయన మోటారు సైకిలు వానకాలమంతయు భీమిలిలో మా పెరటి పాకలో నిలిచియుండెను. “అది చెల్లికి ఇండు, దానికి ఉపయోగపడును” అని అన్నగారు చెప్పి పంపిరి. దీపావళికి వచ్చిన చెల్లెలు సెలవు ముగిసి తిరిగి పోవునపుడు ఆ బండిపైననే పోవుట నిశ్చయమైనది. తోడుగా నేను బయలుదేఱితిని. బండి నడిపినది ఆమె. వెనుక కూర్చున్నది నేను.

తెల్లవాఱుజామున బయలుదేఱి తగరపువలస చేరితిమి. అచ్చట మద్రాసునుండి కలకత్తాకు పోవు పెద్ద రహదారిని దాటి లోపలి మార్గము పట్టితిమి. వరికోతల కాలము. మంచు ఇంకను విడువలేదు. పొలములలో స్త్రీలు కొడవండ్లతో దిగియుండిరి. ఎదురుగా పద్మనాభము కొండ కానవచ్చెను. కొండపై అనంతపద్మనాభస్వామి కోవెల యున్నది. వేయికి పైబడిన మెట్లెక్కి పోవలెను. ఈ కొండ పాదముననే 1794 జూలై 10వ తేదీన విజయనగర ప్రభువు చిన విజయరామరాజు కుంఫిణీ సేనలతో పోరాడి ప్రాణములు విడిచెను. ఇప్పు డచ్చట పచ్చని పొలములు, తాటిచెట్లు మాత్రమే యున్నవి.

పద్మనాభము చేరుటకు ముందే మా బండి మొదటిసారి ఆగినది. ఒక్కమాఱుగా ఆగలేదు. మొదట తడబడినది, పిమ్మట దగ్గినట్లు రెండు మూడు కుదుపు లిచ్చినది, తరువాత చల్లబడినది. చెల్లెలు కిక్కు కొట్టి కొట్టి అలసిపోయెను. మేము గట్టుపై కూర్చుండి తెచ్చుకొన్న ఇడ్డెనలు తినుచుంటిమి. పది నిమిషములు గడచిన పిమ్మట కొట్టిన మొదటి కిక్కుకే ఏమియు జరుగనట్లు బండి కదలినది. మరల పది పండ్రెండు కిలోమీటరులు పోవునప్పటికి అదే తడబాటు, అదే దగ్గు, అదే విరామము. శృంగవరపుకోట చేరులోపల ఇట్లు నాలుగు పర్యాయములు జరిగెను.

దారిలోని యొక ఊరిలో మెకానిక్కునకు బండి చూపితిమి. అతడు ప్లగ్గు విప్పి తుడిచి, చెవియొగ్గి చప్పుడు విని, “అమ్మా, కార్బురేటరు పాడైనది. క్రొత్తది వేయవలెను. నాలుగువేల రూపాయలగును. రెండు దినములు బండి మా కడ ఉంచవలెను” అని చెప్పెను. చెల్లెలు మరునాడు పనిలో చేరవలసియున్నది. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. నాలుగువేలు వెచ్చించినను జబ్బు కుదురునో లేదో ఎవరు చెప్పగలరు? “అక్కా, ఇది అడవిలో ఇట్లాగినచో నా పెట్టెలోని మంచు కరగిపోవును. కారణము తెలియని బండిని నేను పనికి తీసికొనిపోను. దీని జబ్బు తెలిసికొనియే తీరవలెను” అని చెల్లెలనెను. రోగి చెప్పిన మాటల నన్నిటిని వరుసగా వ్రాసికొనుట ఆమెకు అలవాటు. అట్లే చిన్న పుస్తకమున బండి ఎచ్చట ఆగినదో, ఎంతదూరము నడచి ఆగినదో, ఎంతసేపు నిలిచిన పిమ్మట కదలినదో గుర్తు వేసికొనసాగెను.

శృంగవరపుకోటలో భోజనముచేసి, పెట్రోలు పోయించుకొని కొండదారి పట్టితిమి. ఈ ప్రాంతముననే గోస్తనికి అడ్డముగా 1960-70 సంవత్సరముల నడుమ తాటిపూడి జలాశయము కట్టిరి. విశాఖపట్టణవాసులు త్రాగు నీటిలో కొంత దానిదే. ఊరు దాటిన కొంతసేపటికి మైదానము ముగిసి మార్గము మెలికలు తిరుగుచు పైకెక్కును. ఒకవైపు ఎఱ్ఱమట్టి గోడ, మఱియొకవైపు లోయ. అందులో అక్కడక్కడ రైలు సొరంగముల నోళ్ళు కానవచ్చును. బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960-70 సంవత్సరముల నడుమ జపానువారి సహాయముతో వేయబడిన కొత్తవలస–కిరందూలు మార్గమది. కొండ పైకెక్కినకొలది గాలి చల్లబడెను. వెండివన్నె ఓకు చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్ల మొదళ్లకు ప్రాకిన మిరియపు తీగెలు అనంతగిరి ప్రాంతపు శోభ. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ ఘాటుదారిలో బండి తప్పక పెక్కుసార్లు ఆగునని నేను భయపడితిని. ఇద్దఱము, రెండు మూటలు, నిట్టనిలువు మార్గము. ఇంజనునకు ఇంతకంటె కష్టమేమున్నది? కాని వింత చూడుడు! మైదానమున నాలుగుసార్లు మొండికేసిన బండి కొండయెక్కునపుడు ఒక్కసారి మాత్రము తడబడి, ఆగకయే ముందునకు సాగినది. చెల్లెలు ఇదియును పుస్తకమున వ్రాసికొనెను.

ముఖ్యమార్గము విడిచి చీలిన దారిలో దిగి బొఱ్ఱా గుహలను చూచితిమి. ఇవి సున్నపురాతి గుహలు. పైకప్పునుండి కారిన నీటిలోని సున్నము వేలకొలది యేండ్లుగా పేరుకొని స్తంభములుగను, జడలుగను, దేవతామూర్తులుగను ఏర్పడినది. పూర్వమొక ఆవు మేయుచు కొండపైని రంధ్రమునుండి లోపలికి జారిపడెననియు, దానిని వెదకుచు వచ్చిన కాపరి లోపల శివలింగమును కనుగొనెననియు ఆ ప్రాంతపు వారు చెప్పుదురు. ఆవు పొదుగునుండి పాలవలె గుహనుండి నీరు వెలువడుటచే నదికి గోస్తని యను పేరు గలిగినదట. గుహ కప్పులోని రంధ్రమునుండి వెలుతురు నేలపై పడుచుండెను. భీమిలి యొద్ద విశాలముగా చూచిన నది యిచ్చట రాళ్లనడుమ సన్నని ధారగా నున్నది. గుహల మీదుగా పైన రైలు పోవుచున్నదని వినిన యాశ్చర్యము కలుగును.

బొఱ్ఱానుండి తిరిగివచ్చి, అనంతగిరిలో కాఫీ త్రాగి, గాలికొండ యను శిఖర ప్రాంతమునకు చేరునప్పటికి ప్రొద్దు వాలెను. ఇది సముద్రమట్టమునకు సుమారు 1,300 మీటర్ల ఎత్తున నున్నది. పేరునకు తగినట్లు ఎల్లప్పుడును చల్లనిగాలి వీచును. క్రింద వరుసవెంబడి వరుసగా నీలికొండలు. అచ్చటినుండి అరకులోయకు దారి దిగును. లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది.

దిగుట ప్రారంభించిన కొంతసేపటికి ఒక మలుపులో బండి ఆగిపోయెను. వెనుక బస్సు, ఎదుట లారీ. చెల్లెలు ధైర్యముతో బండిని మట్టిగోడ ప్రక్కకు ఒరిగించెను. బస్సు మా చెంగులను తాకునంత చేరువగా పోయెను. నా గుండె దడ తగ్గుటకు చాలసేపు పట్టినది. మరల కదలి నాలుగు కిలోమీటరులైన పోకముందే మరల ఆగెను. ఇంజనునకు కష్టమైన ఎక్కుడులో బాగుగ నడచి, కష్టమేలేని దిగుడులో ఆగుట యేమి? కార్బురేటరు పాడైనచో ఎక్కుడులోనే తెలియవలెను గదా. వేడిచే ఆగినదందుమా, చల్లనిగాలిలో దిగుచుంటిమి.

చెల్లెలు రాతిపై కూర్చుండి తన పుస్తకము చూచుకొనుచు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “అక్కా, ఇంజను చల్లబడినందువలన కాదు, కొంతసేపు నిలిచినందువలన ఇది కదలుచున్నది. మాకు శిక్షణలో ఒకటి చెప్పిరి. సెలైను మెత్తని సంచిలో నున్నచో మందు దిగినకొలది సంచి ముడుచుకొనును. గట్టి గాజుసీసాలో నున్నచో సీసా ముడుచుకొనలేదు. అందుచే గాలి పోవుటకు వేఱొక సూది గ్రుచ్చవలెను. అది మఱచినచో కొన్ని చుక్కలు దిగి ఆగిపోవును. ఈ ట్యాంకు గూడ గాజుసీసా వంటిదే కదా!” అనెను. అట్లని ఇంజను తాళము తీసి, పెట్రోలు మూత త్రిప్పెను. మూత వెంటనే ఊడి రాలేదు. లోపలినుండి ఎవరో పట్టుకొన్నట్లుండెను. తెఱచునప్పటికి ‘స్స్’ మని గాలి లోపలికి పోవు చప్పుడు ఇద్దఱికిని వినవచ్చెను. మూత మరల బిగించి కొట్టిన మొదటి కిక్కునకే బండి కదలెను. పది నిమిషములు వేచియుండ నక్కఱలేకపోయెను.

ఈ సంగతి వంటయింటిలో మనమందఱము ఎఱిగినదే. నూనెడబ్బాకు ఒక్క రంధ్రము పొడిచి వంచినచో నూనె గుటుకు గుటుకున పడి నిలిచిపోవును. ఎదుటి మూలన మఱియొక రంధ్రము పొడిచినచో ధారగా పడును. రెండవ రంధ్రము గాలి కొఱకు. మోటారు సైకిలు ట్యాంకునుండి పెట్రోలు పోయిన మేరకు గాలి లోపలికి రావలెను. ఆ గాలి కొఱకు మూతలోనే సూదిబెజ్జమంత దారి యొకటి యుంచుదురు. అది మూసికొనిపోయినచో లోపల గాలి పలుచబడును; బయటి గాలి పెట్రోలును క్రిందికి దిగనీయక ఆపును. కార్బురేటరు గిన్నెలో నున్న కొద్ది పెట్రోలు ముగియువఱకు బండి నడచి, పిమ్మట దగ్గి ఆగును. నిలిపియుంచినచో గాలి మూత సందులనుండి మెల్లమెల్లగా లోనికి ఇంకును, మరల నడచును. పది నిమిషముల విరామములోని రహస్యమిదియే.

ఇంత చిన్న బెజ్జము ఇంత పెద్ద బండిని ఎట్లు ఆపునని సందేహము కలుగవచ్చును. కార్బురేటరు గల బండ్లలో పెట్రోలు తన బరువుచేతనే దిగును. సాధారణముగా దానిని నెట్టు పంపు ఉండదు. ట్యాంకులోని పెట్రోలు కార్బురేటరునకు ఒక జానెడు, అనగా సుమారు 20 సెంటీమీటరుల ఎత్తున నుండును. మన చుట్టునున్న గాలి ఒత్తిడియో, సుమారు 14 మీటర్ల ఎత్తుగల పెట్రోలు స్తంభపు బరువునకు సమానము. 14 మీటర్లతో పోల్చినచో జానెడెంత? నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే. ట్యాంకులో గాలి బయటికంటె అంతమాత్రము పలుచబడినను పెట్రోలు దిగుట ఆగును.

ఎక్కుడులో నడచి దిగుడులో ఆగుటకు కారణమును ఇందుననే యున్నది. కొండ యెక్కినకొలది బయటి గాలి ఒత్తిడి తగ్గును. లోపల పలుచబడినంత బయటను పలుచబడుచుండుటచే రెండును చాలమట్టుకు సరిపోయి పెట్రోలు దిగుచుండెను. గాలికొండనుండి అరకునకు 300 మీటర్లకు పైగా దిగుదుము. అందుచే బయటి ఒత్తిడి నూటికి మూడు వంతులకు పైగా పెరుగును. జానెడు పెట్రోలు ఓర్వగలిగినదానికి ఇది రెట్టింపు. సాయంకాలపు చలికి ట్యాంకులోని పెట్రోలు ఆవిరి కొంత తిరిగి ద్రవమగుట వలన లోపల మఱింత పలుచబడెను. కాబట్టి కొండ దిగుడులోనే జబ్బు ముదిరినది.

తక్కిన దారిలో నాలుగేసి కిలోమీటరుల కొకసారి వెడల్పైన చోట ఆగి, ఇంజను ఆపి, మూత ఒకసారి తెఱచి బిగించుచు చీకటి పడుచుండగా అరకు చేరితిమి. మూత వదులుగా నుంచి నడిపిన ఆగకుండునేమో యని నేనడిగితిని. చెల్లెలు ఒప్పుకొనలేదు. గతుకులలో పెట్రోలు చిమ్మి వేడి ఇంజనుపై పడినచో ప్రాణాపాయము.

మరునాటి యుదయము ఆమె పనికి పోవుటకు ముందు, పొయ్యికిని దీపమునకును దూరముగా ఆరుబయట మూతను ఊడదీసి చూచితిమి. తాళపుచెవి పెట్టుచోటి క్రింద నుండి రబ్బరు చుట్టు ప్రక్కగా గాలిదారి పోవుచున్నది. అందులో ఎఱ్ఱమన్ను గట్టిపడి యుండెను. వానకాలమున పాకలో నిలిచియున్నపుడు ఏదో పురుగు మట్టితో గూడు కట్టిన గుర్తు కూడ నుండెను. కిరసనాయిలులో ఒక గంట నానబెట్టి, మెత్తని కుంచెతో కడిగి, సైకిలుపంపుతో గాలి కొట్టి శుభ్రపఱచితిమి. సన్నని రబ్బరు గొట్టము నొకదానిని ఆ దారికి ఆనించి గాలి ఊదగా రెండవవైపు వచ్చెను. మూతను బాగుగ ఆరబెట్టి బిగించితిమి. ఖర్చు కిరసనాయిలు మాత్రమే.

ఈ జబ్బును పోల్చుటకు కొన్ని గుర్తులు కలవు. ట్యాంకు నిండుగా నున్నపుడు పైన గాలికి చోటు తక్కువ గావున బండి త్వరగా ఆగును. ఖాళీగా నున్నపుడు ఆలస్యముగా ఆగును. ఆగినపుడు మూత తెఱచిన ‘స్స్’ మని గాలి లోపలికి పోవును. వెంటనే బండి నడచును. నిస్సంశయముగా తెలిసికొనదలచినచో, ఇంజను చల్లబడిన పిమ్మట కార్బురేటరునకు పోవు గొట్టమును ఊడదీసి పెట్రోలును పాత్రలోనికి వదలవలెను. మూత బిగించియున్నపుడు ధార క్రమముగా సన్నగిల్లి ఆగి, మూత తెఱవగనే మరల పడినచో దోషము గాలిదారిదే. మూత తెఱచినను ధార సన్నముగనే యున్నచో ట్యాంకు క్రిందనున్న కుళాయి జల్లెడలో చెత్తయో త్రుప్పో చేరినదని తెలియవలెను. ధార బాగుగనే యుండి, వేడెక్కినపుడు మాత్రమే బండి ఆగి, మూత తెఱచినను ఫలము లేనిచో ప్లగ్గునకు నిప్పురవ్వ నందించు భాగమును పరీక్షింపవలెను. ఈ పరీక్షలు చేయునపుడు చుట్ట, బీడీ, అగ్గిపుల్ల, పొయ్యి దరిదాపుల నుండరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంబడి ప్రాకి దూరమున నున్న మంటను అందుకొనగలదు.

గాలిరంధ్రము మూసికొనిపోవుటకు దుమ్మొకటే కారణము కాదు. మూతలోని రబ్బరు చుట్టు మార్చునపుడు బెజ్జములేని దానిని వేయుదురు. ట్యాంకునకు మెఱుగు పూయునపుడు మైనము బెజ్జమున చేరును. వానకు తడియకుండ మూతమీద ప్లాస్టిక్కు గుడ్డ బిగించి కట్టుదురు. కొన్ని బండ్లలో గాలికై ప్రత్యేక గొట్టముండును. అది సీటు క్రిందనో ట్యాంకు క్రిందనో నలిగిన అదే ఫలితము. మూత చుట్టునున్న గాడిలోని వాననీరు పోవుటకు వేఱొక గొట్టముండును. దానిని గాలిదారి యని భ్రమపడరాదు. అదియును శుభ్రముగ నుండవలెను, లేనిచో నీరు ట్యాంకులో దిగును.

కొందఱు తొందరపడి మూతకు మేకుతో పెద్ద రంధ్రము పొడుతురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. వాననీరు లోపలికి దిగును. బండి ఒరిగినపుడు పెట్రోలు కారును. బండి పడిపోయినను పెట్రోలు కారకుండుటకు కొన్ని మూతలలో చిన్న కవాటము అమర్చియుందురు. మొద్దు తీగతో పొడిచిన అది చెడును. కవాటము బిగుసుకొనిపోయి కడిగినను విడువనిచో మూతనే మార్చుట మేలు.

ఈ దారి లోపలికి గాలి పీల్చుకొనుటకే కాదు, బయటికి విడుచుటకును కావలెను. బండిని ఎండలో నిలిపినపుడు పెట్రోలు వ్యాకోచించి ఆవిరి పెరుగును. అది బయటికి పోలేనిచో మూత తెఱచునపుడు పెట్రోలు ముఖముమీదికి చిమ్మవచ్చును. కావున ఎండలో నున్న బండి మూతను మెల్లగా, ముఖము ప్రక్కకు త్రిప్పుకొని తెఱవవలెను. 2020 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 నిబంధనల కాలపు వాహనములలో ఈ ఆవిరి గాలిలో కలియకుండ బొగ్గుపొడి గల చిన్న డబ్బాలోనికి పోయి, పిమ్మట ఇంజనులోనికి పీల్చబడును. ఇట్టి బండ్లలో పెట్రోలు అంచువఱకు పోయించినచో ద్రవమే ఆ డబ్బాలోనికి చేరి దారి చెడును. బంకులో, “నిండుగా పోయుము” అనుటకు బదులు, మెడ క్రిందివఱకు చాలునని చెప్పవలెను. క్రొత్తబండ్లలో పంపు బలముగా నెట్టుటచే జబ్బు త్వరగా బయటపడదు. మూత తెఱచునపుడు ప్రతిసారియు గట్టిగా బుస్సుమనుట, బండి బలముగా లాగకపోవుట దానికి గుర్తులు.

అరకులో నేను మూడు దినములుంటిని. ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్నది. కార్తికమున లోయయంతయు వలిసెపూలతో పసుపు ఆరబోసినట్లుండును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికులకు కూరగాయలు పండించుటకై వేసిన పద్మపురము తోట నేడు పూలతోటగా నున్నది. గిరిజనుల పనిముట్లు, నగలు, ఇంటి సామగ్రి చూపు ప్రదర్శనశాల స్త్రీలు తప్పక చూడదగినది. సాయంకాలము ఒక పల్లెలో స్త్రీలు ఒకరి నడుమొకరు చుట్టి పట్టుకొని థింసా ఆడుట చూచితిని. అందులో ముసలమ్మలును, పెండ్లికాని పిల్లలును ఒక్క అడుగుగా కదలుదురు.

మూడవ నాడు చెల్లెలు టీకాల పెట్టెను బండి వెనుక కట్టుకొని కొండపల్లెకు పోయెను. రెండు కొండలెక్కి దిగవలెను. నేను వాకిట కూర్చుండి మధ్యాహ్నమువఱకు దారివైపే చూచుచుంటిని. పండ్రెండు గంటలు దాటినంత ఆమె తిరిగి వచ్చెను. “పెట్టెలో మంచు ఇంకను మిగిలియున్నది అక్కా! తొమ్మండుగురు బిడ్డలకు వేసితిని” అని పెట్టె తెఱచి చూపెను. బండి యొక్కచోటను ఆగలేదట.

నేను కిరందూలునుండి విశాఖకు పోవు రైలులో తిరిగి వచ్చితిని. సొరంగములలో చీకటియు, వెలుపల లోయలును మాఱి మాఱి కానవచ్చుచు పిల్లలకు పెద్దలకు గూడ వేడుకగ నుండును. సోదరీమణులు ఆ దారిని ఒకసారియైన పోయి చూడవలెనని నా కోరిక. బండిపై పోదలచినవారు మాత్రము బయలుదేఱుటకు ముందు చక్రములలో గాలి, బ్రేకులు, నూనె చూచుకొనునట్లే పెట్రోలు మూతను గూడ ఒకసారి విప్పి చూచుకొనుడు. మా చెల్లెలు ప్రతినెల మొదటి ఆదివారము మూత కడుగుచున్నది; తనతోడి నర్సులకును ఆ పని నేర్పినదని మొన్న జాబు వ్రాసినది.